వుడ్ ఎక్కడ వాడాలి, విల్ ఎక్కడ వాడాలి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. "ఐ వుడ్ బీ ఆన్ లీవ్ టుమారో" అని మెయిల్ పెడితే మేనేజర్ దాన్ని 'విల్ బీ' అని ఎందుకు దిద్దారన్నది మొదటిది. వుడ్ అంటే విల్‌కి పాస్ట్ టెన్స్ అని స్కూల్లో చెప్పారు కదా, మరి "వుడ్ యూ హెల్ప్ మీ" అన్నప్పుడు అందులో పాస్ట్ ఎక్కడుందన్నది రెండోది. "వుడ్ యూ మైండ్" అని ఎవరైనా మొదలుపెడితే యస్ అనాలా నో అనాలా అన్నది మూడోది. మూడింటికీ మూలం ఒకటే, అందుకే ముందు అక్కడికే వెళ్తాను. సమాధానం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను చాలా ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను, ఆఫీసు ఉత్తరాలు దిద్దుతున్నాను. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కువగా తడబడేది ఆర్టికల్స్ తర్వాత ఈ ఒక్క మాట దగ్గరే, పైగా తడబడుతున్నామని వాళ్ళకి తెలియదు కూడా, ఎందుకంటే వాక్యం వినడానికి బాగానే ఉంటుంది.

వుడ్ విల్‌కి పాస్ట్ అన్నది అబద్ధం కాదు. పాత ఇంగ్లిష్‌లో 'విల్లన్' అంటే కోరుకోవడం, దాని భూతకాల రూపం 'వోల్డె', అదే మారుతూ వచ్చి ఇప్పటి వుడ్ అయింది. జర్మన్‌లో 'వోలెన్' అంటే ఇప్పటికీ కావాలనుకోవడమే. ఇంగ్లిష్‌లోనూ ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు, వీలునామాని విల్ అంటారు, గట్టి సంకల్పాన్ని విల్ పవర్ అంటారు. ఈ 'కోరుకోవడం' అన్న సంగతి గుర్తుంచుకోండి, కింద అవసరమవుతుంది. స్పెల్లింగ్‌లో ఉన్న ఎల్ ఒకప్పుడు పలికేవారు, ఇప్పుడు పలకరు, కట్టె అనే అర్థం ఉన్న వుడ్‌కీ దీనికీ ఉచ్చారణలో ఏ తేడా లేదు. కుడ్‌లో ఉన్న ఎల్ అయితే ఎప్పుడూ పలికింది కాదు, వుడ్, షుడ్‌లని చూసి రాతలో తర్వాత చేర్చారు.

స్కూల్లో చెప్పకుండా వదిలేసింది ఏంటంటే, ఇంగ్లిష్‌లో భూతకాల రూపం కాలాన్ని మాత్రమే చెప్పదు. దూరాన్ని చెబుతుంది. ఆ దూరం మూడు రకాలు. ఇప్పటి నుంచి దూరం అంటే గతం. నిజం నుంచి దూరం అంటే ఊహ. ముఖం మీద చెప్పడం నుంచి దూరం అంటే మర్యాద. ఇది వుడ్ ఒక్కదాని గొడవ కాదు, భాష అంతటా ఉంది. "ఇఫ్ ఐ హాడ్ ఎ కార్" అన్నప్పుడు హాడ్ పాస్ట్ రూపమే, కానీ మాట్లాడుతున్నది ఇవాళ్టి సంగతి, కారు లేదని అర్థం. "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ ఆర్ ఫ్రీ" అన్నవాడు నిన్న ఆలోచించానని చెప్పడం లేదు, ఇప్పుడే అడుగుతున్నాడు, కాస్త వెనక్కి జరిగి మెత్తగా అడుగుతున్నాడు. వుడ్ చేసే పనులన్నీ ఈ మూడు దూరాల్లో ఎక్కడో ఒకచోట పడతాయి. పుస్తకాల్లో వుడ్‌కి పదీ పన్నెండు ఉపయోగాలు పట్టిక వేసి ఇస్తారు, ఆ పట్టిక బట్టీ పట్టినవాళ్ళు మాట్లాడే సమయానికి అందులో ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండిపోతారు, నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు.

దీన్నుంచి ఒక పరీక్ష వస్తుంది. వుడ్ ఒంటరిగా నిలబడదు, దాని వెనక ఏదో ఒక ఆసరా ఉండాలి. ఆ ఆసరా పైకి కనిపించే 'ఇఫ్' కావచ్చు, చెప్పకుండా లోపల దాగిన 'ఇఫ్' కావచ్చు, 'సెడ్', 'థాట్' లాంటి గతంలోని క్రియ కావచ్చు, 'చిన్నప్పుడు', 'ఆ రోజుల్లో' లాంటి కాలం కావచ్చు, లేదా ఎదుటివాళ్ళని మెత్తగా అడగాలన్న ఉద్దేశం కావచ్చు. వీటిలో ఒక్కటి కూడా లేకపోతే అక్కడ వుడ్‌కి పని లేదు.

ఇప్పుడు మీ మెయిల్ చూడండి. "ఐ వుడ్ బీ ఆన్ లీవ్ టుమారో." రేపు మీరు సెలవులో ఉండడం ఖాయం. ఇందులో గతం లేదు, ఊహ లేదు, ఎవరినీ ఏమీ అడగడం లేదు, సమాచారం ఇస్తున్నారు. కాబట్టి విల్. మీరు వుడ్ రాసింది విల్ కంటే మర్యాదగా ఉంటుందనే కదా, చాలామంది అందుకే రాస్తారు. కానీ జాగ్రత్తగా చదివేవాళ్ళకి అందులో చెప్పకుండా వదిలేసిన ఇఫ్ వినిపిస్తుంది, "ఏదైనా జరిగితే రేపు సెలవులో ఉంటాను" అన్నట్టు. ఏం జరిగితే అని వాళ్ళు ఎదురు చూస్తారు, ఆ రెండో ముక్క రాదు. "ద మీటింగ్ వుడ్ బీ హెల్డ్ ఆన్ మండే" కూడా ఇంతే. మీటింగ్ ఉందా లేదా? "వుయ్ వుడ్ సెండ్ ద రిపోర్ట్ బై ఫ్రైడే" అని కస్టమర్‌కి రాస్తే ఇంకా ప్రమాదం, మీరు మాట ఇచ్చాననుకుంటారు, అవతలివాళ్ళు మాట ఇవ్వలేదనుకుంటారు. మర్యాద చూపించాలంటే ప్లీజ్ ఉంది, థాంక్స్ ఉంది, అడిగే వాక్యంలో వుడ్ ఉంది. చెప్పే వాక్యాన్ని వుడ్‌తో మెత్తబరిస్తే మర్యాద పెరగదు, నమ్మకం తగ్గుతుంది.

అయితే ఇలాంటి వాక్యమే ఇంకోచోట సరైనది కావచ్చు. ఒక పని ఇంకా ఒప్పుకోలేదు, అంచనా మాత్రమే ఇస్తున్నారనుకోండి, "దిస్ వుడ్ టేక్ త్రీ డేస్" అనడమే కరెక్ట్, ఎందుకంటే వెనక "మీరు సరే అంటే" అనే ఇఫ్ ఉంది. పని మొదలైపోయాక "దిస్ విల్ టేక్ త్రీ డేస్" అనాలి. ఎవరైనా సాయం చేస్తానని ముందుకొస్తే "దట్ వుడ్ బీ గ్రేట్" అంటాం, మీరు చేస్తే చాలా బాగుంటుంది అని. అంతా కుదిరిపోయాక "దట్ విల్ బీ గ్రేట్" అన్నా తప్పు లేదు.

దాగిన ఇఫ్‌ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వినేటప్పుడు అపార్థాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మీరు ఒక కాగితం చూపిస్తే ఎదుటి వ్యక్తి "ఐ వుడ్ నాట్ సైన్ దిస్" అన్నారు. ఆయన సంతకం పెట్టనంటున్నాడని అనుకుంటే పొరపాటు, అందులో "ఇఫ్ ఐ వర్ యూ" దాగి ఉంది, "నేనే మీ స్థానంలో ఉంటే సంతకం పెట్టను" అని సలహా ఇస్తున్నాడు. అదే "ఐ విల్ నాట్ సైన్ దిస్" అంటే ఆయనే పెట్టనని తెగేసి చెప్పడం. అలాగే "ఐ వుడ్ వెయిట్" అంటే ఆయన ఆగుతాడని కాదు, మిమ్మల్ని ఆగమంటున్నాడని. "వాట్ వుడ్ యూ డూ?" అన్న చిన్న ప్రశ్నలో కూడా "ఇలాంటి పరిస్థితి వస్తే" అన్నది చెప్పకుండానే ఉంది. ఇంటర్వ్యూల్లో అడిగేది ఇదే, "కస్టమర్ కోప్పడితే ఏం చేస్తారు" అని, "వాట్ వుడ్ యూ డూ ఇఫ్ ఎ కస్టమర్ గాట్ యాంగ్రీ?" దానికి జవాబు కూడా వుడ్‌తోనే రావాలి, "ఫస్ట్ ఐ వుడ్ లిసన్ టు హిమ్, దెన్ ఐ వుడ్ చెక్ ద రికార్డ్స్" అని. మొదటి వాక్యం వుడ్‌తో చెప్పి టెన్షన్‌లో రెండో వాక్యంలో విల్‌కి జారిపోతుంటారు, అర్థం పాడవదు కానీ తడబాటు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన పొరపాటు. ఊహ చెప్పేటప్పుడు వుడ్ ఉండాల్సింది ఫలితం ఉన్న ముక్కలో. ఇఫ్ ఉన్న ముక్కలో పాస్ట్ రూపం మాత్రమే ఉంటుంది. "ఇఫ్ ఐ హాడ్ టైమ్, ఐ వుడ్ కమ్" సరైనది. "ఇఫ్ ఐ వుడ్ హావ్ టైమ్, ఐ వుడ్ కమ్" తప్పు. గతంలో జరగనిదాని గురించైతే "ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్", ముందే తెలిసుంటే వచ్చి ఉండేవాణ్ణి అని. "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని అమెరికాలో మాటల్లో కొందరు అంటారు, సినిమాల్లో కూడా వినిపిస్తుంది, కానీ రాతలో తప్పుగానే చూస్తారు, పరీక్షల్లో అయితే మార్కు పోతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, చూసి కంగారు పడకండి. "ఇఫ్ యూ వుడ్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హర్" అని రిసెప్షన్‌లో అంటారు. ఇక్కడ ఇఫ్ పక్కనే వుడ్ ఉంది, తప్పు కాదు. పైన గుర్తుంచుకోమన్న పాత అర్థం ఇక్కడ పనిచేస్తోంది, "మీకు ఇష్టమైతే, మీరు దయచేసి ఆగితే" అని. అవతలి వ్యక్తి ఇష్టాన్ని మర్యాదగా అడుగుతున్నప్పుడు మాత్రమే ఇది చెల్లుతుంది. "ఇఫ్ ఇట్ వుడ్ రెయిన్" అనలేం, వానకి మన కోసం ఇష్టపడడమంటూ ఉండదు కదా.

విల్ ఉన్న ఇఫ్‌కీ వుడ్ ఉన్న ఇఫ్‌కీ తేడా ఏంటంటే, జరిగే అవకాశం ఎంతుందని మాట్లాడేవాడు అనుకుంటున్నాడన్నదే. "ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ క్యాన్సిల్" అంటే వాన పడొచ్చు, చూద్దాం అని. "ఇఫ్ ఇట్ రెయిన్డ్, వుయ్ వుడ్ క్యాన్సిల్" అంటే పడకపోవచ్చు కానీ పడిందనుకుంటే అని. వాన అదే, చెప్పేవాడి అంచనా వేరు. బేరసారాల్లో దీన్ని బాగా వాడతారు. "ఇఫ్ యూ రెడ్యూస్ ద ప్రైస్, వుయ్ విల్ ఆర్డర్ టుడే" అంటే మాట ఇచ్చేసినట్టే, వాళ్ళు ధర తగ్గిస్తే మీరు ఆర్డర్ ఇవ్వకుండా తప్పించుకోలేరు. "ఇఫ్ యూ రెడ్యూస్డ్ ద ప్రైస్, వుయ్ వుడ్ కన్సిడర్ ఆర్డరింగ్" అంటే నాడి పట్టి చూడడం, ఇంకా ఏదీ ఒప్పుకోలేదు.

ఇంగ్లిష్ కష్టమని భయపడేవాళ్ళకి నేను ఎప్పుడూ చూపించేది ఒకటుంది. తెలుగులో కూడా అచ్చం ఈ పనే చేసే రూపం ఉంది. "చిన్నప్పుడు రోజూ ఈతకి వెళ్ళేవాణ్ణి" అంటాం, అది గతంలోని అలవాటు. "డబ్బుంటే కొనేవాణ్ణి" అంటాం, అది జరగని ఊహ. రెండుచోట్లా ఒకే రూపం, మొదటిది కాలంలో దూరం, రెండోది నిజానికి దూరం. మనం పుట్టినప్పటి నుంచీ ఈ రెండు అర్థాలనీ ఏ గందరగోళమూ లేకుండా వాడుతున్నాం, ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. ఇంగ్లిష్‌లో ఆ రెండు చోట్లా వుడ్ వస్తుంది. కాబట్టి మీ మనసులో వాక్యం 'వెళ్ళేవాణ్ణి', 'చేసేదాన్ని', 'ఉండేది' అని వస్తుంటే వుడ్ వైపు చూడండి, 'వెళ్తాను', 'చేస్తాను', 'ఉంటుంది' అని వస్తుంటే ముందు విల్ వైపు చూడండి. ఇది అన్నిచోట్లా పనిచేయదు, "నాకు రెక్కలుంటే ఎగిరిపోతాను" అని కూడా మనం అనేస్తాం, అక్కడ ఇంగ్లిష్ వుడ్‌నే అడుగుతుంది. కానీ మీ లీవ్ మెయిల్ లాంటి చోట్ల ఇదొక్కటే చాలు. రేపు సెలవులో 'ఉంటాను' అనుకున్నారు గానీ 'ఉండేవాణ్ణి' అనుకోలేదు కదా.

గతంలోని అలవాటు అన్నాను, అక్కడ 'యూజ్డ్ టు' కూడా ఉంది, రెండింటికీ చిన్న తేడా ఉంది. పదే పదే చేసిన పనికి రెండూ వాడొచ్చు, "వుయ్ వుడ్ ప్లే టిల్ డార్క్", "వుయ్ యూజ్డ్ టు ప్లే టిల్ డార్క్", రెండూ సరే. కానీ ఒక స్థితికి, అంటే ఉండడం, ఇష్టపడడం, తెలియడం, సొంతంగా కలిగి ఉండడం లాంటి వాటికి వుడ్ పనికిరాదు. "ఐ వుడ్ లివ్ దేర్" అంటే అక్కడ నివసించేవాణ్ణి అన్న అర్థం రాదు, వీలుంటే అక్కడ ఉంటాను అని వినిపిస్తుంది. "ఐ యూజ్డ్ టు లివ్ దేర్" అనాలి. ఇంకోటి, వుడ్‌తో కథ మొదలుపెట్టకూడదు. ముందు యూజ్డ్ టుతోనో మామూలు పాస్ట్‌తోనో ఆ కాలంలోకి తీసుకెళ్ళి, తర్వాత వుడ్‌తో కొనసాగించాలి. అలా చేస్తే చాలా హాయిగా ఉంటుంది, ఇంగ్లిష్‌లో జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఇలాగే రాస్తారు. ఇప్పటి అలవాటుకి మాత్రం దీన్ని తేవద్దు. రోజూ ఏం పని చేస్తారని అడిగితే "డైలీ ఐ వుడ్ చెక్ ద మెయిల్స్" అని జవాబిచ్చేవాళ్ళని చాలామందిని విన్నాను, అది వింటే ఆ ఉద్యోగం మానేశారేమో అనిపిస్తుంది. "ఐ చెక్ ద మెయిల్స్ ఎవ్రీ డే", అంతే.

ఇంకొకరు అన్న మాటని చెప్పేటప్పుడు మనకి ఇంకో ఇబ్బంది. తెలుగులో "వస్తానని చెప్పాడు" అంటాం, అతను 'వస్తాను' అన్న రూపాన్నే ఉంచేసి పక్కన 'అని' తగిలిస్తాం, కాలం మారదు. ఇంగ్లిష్‌లో సెడ్ గతంలో ఉంటే దాని వెంట విల్ కూడా వెనక్కి జరిగి వుడ్ అవుతుంది, "హీ సెడ్ హీ వుడ్ కమ్". ఆ రాక ఇంకా ముందుంటే "హీ సెడ్ హీ విల్ కమ్" అన్నా చెల్లుతుంది, కానీ ఆ మాటని మీరు కూడా కొంత నమ్ముతున్నట్టు ఉంటుంది. వుడ్ అంటే అతను అన్నాడు, నాకేం తెలియదు అన్నట్టు. కాబట్టి ఎవరి మాటకీ మీరు పూచీ పడకూడదనుకుంటే వుడ్ వాడండి.

చరిత్ర రాసేటప్పుడు కూడా వుడ్ ఇలాగే వస్తుంది, గతంలో ఒకచోట నిలబడి అక్కడి నుంచి ముందుకు చూడడం. 1905లో ఐన్‌స్టీన్ బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. "హీ వుడ్ లేటర్ విన్ ద నోబెల్ ప్రైజ్" అని రాస్తే, అది 1905 వాళ్ళకి భవిష్యత్తు, మనకి గతం. ఆయనకి 1921 సంవత్సరపు భౌతికశాస్త్ర బహుమతి నిజంగానే వచ్చింది కాబట్టి ఇది ఊహ కాదు. చదివేటప్పుడు ఇలాంటి వుడ్ కనిపిస్తే "గెలిచేవాడే కానీ గెలవలేదు" అని అర్థం చేసుకోకండి, "తర్వాత గెలిచాడు" అని అర్థం.

ఇష్టం అనే పాత అర్థం బాగా బతికి ఉన్నది 'వుడంట్'లో. "ఐ టోల్డ్ హిమ్ మెనీ టైమ్స్, హీ వుడంట్ లిసన్", ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, వినదలచుకోలేదు అని. ప్రాణం లేని వాటికీ ఇదే వాడతారు, "ద డోర్ వుడంట్ ఓపెన్". మనం కూడా "తలుపు రానంటోంది", "బండి కదలనంటోంది" అంటాం కదా, తలుపుకీ బండికీ మొండితనం అంటగడతాం, అదే భావన. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఒకసారి జరిగిన నిరాకరణకి వుడంట్ వాడొచ్చు కానీ ఒకసారి జరిగిన అంగీకారానికి వుడ్ వాడకూడదు. "ఐ ఆస్క్డ్ హర్ అండ్ షీ వుడ్ హెల్ప్ మీ" అని అనరు, "షీ హెల్ప్డ్ మీ" అనో "షీ అగ్రీడ్ టు హెల్ప్" అనో అంటారు.

"ఐ విష్ యూ వుడ్ స్టాప్" కూడా ఈ కుటుంబమే, నువ్వు కావాలని మానడం లేదని విసుగు. అందుకే పైవాళ్ళతో వాడేటప్పుడు జాగ్రత్త, విన్నపంలా ఉండదు, ఫిర్యాదులా ఉంటుంది. మన గురించి మనం "ఐ విష్ ఐ వుడ్" అనం, "ఐ విష్ ఐ కుడ్" అంటాం.

ఒత్తి పలికే వుడ్ ఒకటుంది, దాన్ని వినడం నేర్చుకోండి చాలు, వాడకపోయినా పర్లేదు. "యూ వుడ్ సే దట్" అని వుడ్ మీద ఒత్తి పెడితే "నువ్వు అనకపోతే ఇంకెవరంటారు, నీ సంగతి తెలిసిందే" అని. 1963లో లండన్‌లో ప్రొఫ్యూమో వ్యవహారం, అంటే ఆ పేరున్న బ్రిటిష్ మంత్రి అక్రమ సంబంధం గొడవ, నడిచినప్పుడు, లార్డ్ బిరుదున్న ఒక పెద్దమనిషి మీ మాటలన్నీ అబద్ధమంటున్నాడు కదా అని కోర్టులో అడిగితే మాండీ రైస్-డేవిస్ అనే యువతి "హీ వుడ్, వుడంట్ హీ?" అంది. ఆయన అలా అనక ఏం చేస్తాడు అని. ఆ నాలుగు మాటలు అక్కడి జనం నోళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

రాతలో ఐ పక్కన అపాస్ట్రఫీ పెట్టి డి ఒక్కటే రాస్తే అది వుడ్ కావచ్చు, హాడ్ కావచ్చు. తర్వాత వచ్చే క్రియని చూడండి. మామూలు రూపం, అంటే వీ1 ఉంటే వుడ్, "ఐడ్ గో". క్రియ మూడో రూపం, అంటే వీ3 ఉంటే హాడ్, "ఐడ్ గాన్". 'బెటర్' ఉంటే మాత్రం అది హాడ్ బెటర్, 'రాదర్' ఉంటే వుడ్ రాదర్, ఈ రెండూ గుర్తుపెట్టుకోవాల్సిందే. వుడ్ రాదర్‌లో ఇంకో మెలిక, నా గురించైతే "ఐడ్ రాదర్ స్టే", ఎదుటివాళ్ళ గురించైతే పాస్ట్ రూపం రావాలి, "ఐడ్ రాదర్ యూ స్టేడ్". మళ్ళీ అదే దూరం, ఎదుటివాళ్ళ ఇష్టాన్ని ముట్టుకోకుండా చెప్పడం. ఇక వుడ్ హావ్‌ని గబగబా పలికితే 'వుడ్ ఆవ్' అని వినిపిస్తుంది, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళే దాన్ని 'ఓఎఫ్' అక్షరాలతో రాసేస్తుంటారు. అది చూసి నేర్చుకోవద్దు, అక్కడ ఉండాల్సింది హావ్.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకి జవాబు ఈపాటికి మీకే తెలిసుంటుంది. "విల్ యూ హెల్ప్ మీ?" అంటే సూటిగా అడగడం, చేస్తావా చేయవా అని. "వుడ్ యూ హెల్ప్ మీ?" అంటే "నేను అడిగితే చేస్తారా" అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి అడగడం, కాదనడానికి ఎదుటివాళ్ళకి చోటు ఇవ్వడం. గతం ఏమీ లేదు, మర్యాద కోసం తీసుకున్న దూరం అది. "ఐ వాంట్ వాటర్" కంటే "ఐ వుడ్ లైక్ సమ్ వాటర్" మెత్తగా ఉండేది ఇందుకే. "డూ యూ లైక్ మ్యూజిక్" అంటే మామూలుగా ఇష్టమా అని, "వుడ్ యూ లైక్ సమ్ మ్యూజిక్" అంటే ఇప్పుడు పెట్టమంటారా అని, ఈ రెండిటినీ కలపకండి. "ఐ వుడ్ సే", "ఐ వుడ్ థింక్" అని అభిప్రాయం ముందు తగిలించడం కూడా ఇదే కోవలోది, నేను చెప్పిందే ఖాయం అనకుండా నా అంచనా ఇది అనడం. అభిప్రాయానికి ఇది అందం. జరిగిన విషయానికి అక్కర్లేదు, "ఐ వుడ్ సే ద సర్వర్ ఈజ్ డౌన్" అనకండి, సర్వర్ పనిచేయకపోతే పనిచేయడం లేదనే చెప్పండి.

మూడోది, వుడ్ యూ మైండ్. ఇక్కడ మైండ్ అంటే అభ్యంతరం ఉండడం. "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?" అంటే కిటికీ తెరవడానికి మీకేమైనా అభ్యంతరమా అని. తెరుస్తానని చెప్పాలంటే అభ్యంతరం లేదనాలి, కాబట్టి "నో, నాట్ ఎట్ ఆల్". యస్ అంటే లెక్క ప్రకారం అభ్యంతరం ఉందని. మాటల్లో చాలామంది "ష్యూర్" అనేసి లేచి కిటికీ తెరుస్తారు, దాన్నెవరూ తప్పు పట్టరు, పని జరిగింది కాబట్టి. ఒక్క యస్ అని ఊరుకోవడమే ఇబ్బంది. మైండ్ పక్కన క్రియకి ఐఎన్‌జీ రావాలి, 'మైండ్ టు ఓపెన్' అనరు. మీరే తెరుచుకోవడానికి అనుమతి అడగాలంటే "వుడ్ యూ మైండ్ ఇఫ్ ఐ ఓపెన్డ్ ద విండో?", అక్కడ ఓపెన్డ్ పాస్ట్ రూపం ఎందుకో ఇక చెప్పక్కర్లేదు, మాటల్లో 'ఓపెన్' అన్నా నడుస్తుంది. దీనికి కూడా సరే అనాలంటే నో తోనే మొదలుపెట్టండి, "నో, గో అహెడ్" అని. ఒప్పుకోవడం మీకు నిజంగా ఇష్టం లేకపోతే మాత్రం ఒంటి యస్‌తో ఆపేయకండి, మొరటుగా ఉంటుంది. "ఐడ్ రాదర్ యూ డిడంట్" అని, వెంటనే కారణం ఒక్క ముక్కలో చెప్పండి.